మూత

"నీ చిత్తము" దగ్గర ఆగిపోయేదాన్ని.
చర్చి అంతా ముందుకు సాగిపోయేది,
రొట్టె దగ్గరికి, అప్పుల దగ్గరికి,
ఆమేన్ దాకా.
నేను మాత్రం బేసిన్ బ్రిడ్జి దగ్గర
సిగ్నల్ దొరకని బండిలా
ఆ రెండు మాటల ముందే నిలబడి ఉండేదాన్ని.

తొమ్మిది నెలలు.

సీలాసు శనివారం సాయంత్రం మూడుసార్లు స్నానం చేసేవాడు.
ముందు సబ్బు, తర్వాత నిమ్మచెక్క,
ఆఖరున నా కొబ్బరినూనె.
ఆదివారం బల్ల దగ్గర
ఆ చిన్న గ్లాసును రెండు వేళ్లతోనే పట్టుకునేవాడు,
తన వాసన ద్రాక్షరసానికి అంటుతుందేమోనని.
"ప్రభువు పుట్టిందే పశువుల పాకలో,
వాసనలు తెలియనివాడా?" అనేదాన్ని.
నవ్వేవాడు. మళ్ళీ గోళ్లు కడుక్కునేవాడు.

పులియాంతోపులో ఆ రోజు వాన లేదు.
ఎక్కడైనా రాసిపెట్టాలి అది.
వాన లేదు, తొందర లేదు,
మిషను బండి వచ్చేదాకా ఆగితే సరిపోయేది.
కాంట్రాక్టరు ఆగలేదు.
కదిరేశన్ని దింపాడు. ఇరవై ఏళ్లవాడు,
మన భాష రానివాడు,
పనిలోకి వచ్చి పదకొండో రోజు.
తాడు ఊగింది. ఆగింది.

మా ఆయన చొక్కా విప్పి, మడిచి,
గట్టు మీద పెట్టాడట.
మడిచి! ఇంట్లో ఏనాడూ చొక్కా మడిచిన మనిషి కాదు.
దిగి, పిల్లాడి నడుముకు తాడు కట్టి
పైకి తోశాడు.
తాడు మళ్ళీ లోపలికి వేశారు.
పట్టుకునే చెయ్యి లేకపోయింది.

కూడిక రోజు అయ్యగారు
"దేవుని చిత్తం తల్లీ" అన్నారు.
దండ పట్టుకుని వచ్చిన కాంట్రాక్టరూ అదే అన్నాడు.
ఇద్దరి నోటా ఒకే మాట వినేసరికి
నాకు ఆ మాట చేదెక్కింది.
చెప్పాను, అయ్యగారికే చెప్పాను:
గుంత తవ్వింది దేవుడు కాదండీ.
మూత తీసింది దేవుడు కాదు.
ఆ చొక్కా విప్పించింది మాత్రం
ఎవరో ఇంకా తేల్చుకోలేకుండా ఉన్నాను.

ఆయన బైబిలు మూసి చాలాసేపు కూర్చుని
"నేనూ తేల్చుకోలేదమ్మా" అన్నారు.
ఆ రోజు నుంచే ఆయన ప్రార్థన నా చెవికెక్కుతోంది.

కదిరేశన్ ఆదివారాలు వచ్చేవాడు.
లోపలికి కాదు. చెప్పుల దగ్గర నిలబడి
అర్థంకాని ఆరాధనంతా వినేవాడు.
నేను వెనక గుమ్మంలోంచి వెళ్లిపోయేదాన్ని.
వాడి మొహం కంటే ముందు
వాడి ఊపిరి వినిపించేది నాకు.
అది ఎవరిచ్చిన ఊపిరో నాకు తెలుసు.
ఒక రాత్రి, చెప్పకూడదు గానీ చెబుతున్నాను,
వీణ్ని తీసుకుని మా ఆయన్ని ఇచ్చెయ్యమని
దేవుణ్ణి అడిగాను.
బేరం. వంకాయల దగ్గర ఆడినట్టే.
జవాబు లేదు.
వీధి కుళాయిలో నీళ్లు వచ్చిన చప్పుడు, అంతే.
లేచి బిందె పెట్టాను.

క్రిస్మస్ స్టార్లు వేలాడదీసే వారం.
తెల్లవారి ఐదింటికి మా వీధి చివర
కాంట్రాక్టరు గొంతు: "రెండు నిమిషాల పనిరా కదిరేశా."
వాళ్లమ్మ మందుల బాకీ వాడి మెడ మీద ఉంది.
వాడు చొక్కా గుండీలు తీస్తున్నాడు.

నేనేం ఆలోచించలేదు.
వెళ్ళి మూత మీద కూర్చున్నాను.
కొంగు సర్దుకుని, కాళ్లు ముడుచుకుని,
రేషన్ షాపు ముందు కూర్చున్నట్టు.

"నీకు రావలసిన ఉద్యోగం కాగితం
నా చేతిలో ఉంది దీనమ్మా."
"ఉండనీయండి."
"పిల్ల కాలేజీ ఫీజు?"
"తెలుసు."

సమాధి రాయి మీద దూత కూర్చున్నాడని
ఈస్టరు పొద్దున చదువుతారు.
నేను దూతను కాను, నాకు మోకాళ్ల నొప్పులు.
కూర్చోవడం మాత్రం వచ్చు.

ఇనుము చల్లగా ఉంది.
కింద నీళ్ల చప్పుడు సన్నగా,
సీలాసు ఆఖరున విన్న చప్పుడు.
అక్కడ, ఎక్కడ ఆగిపోతానో తెలిసి
భయపడుతూనే ప్రార్థన మొదలుపెట్టాను.
ఆ రెండు మాటలు వచ్చాయి.
వచ్చి, దాటిపోయాయి.

ఎదురుగా కదిరేశన్
గుండీలు తిరిగి పెట్టుకుంటున్నాడు,
ఒకటి తప్పు కాజాలో.
"ఇలా రారా" అన్నాను, తెలుగులోనే.
వచ్చాడు.